మూడో మెట్టు మీది ఖాళీ చోటు

నా చిన్నప్పుడు నేను ప్రాణంలా చూసుకున్న ఒక వస్తువును ఇప్పుడు తలుచుకుంటే నోట్లో చేదు ఊరుతుంది. అది ఒక జర్మన్ పతకం. రెండో ప్రపంచయుద్ధంలో రష్యా మీద దండెత్తి, అక్కడి మొదటి చలికాలపు మంచులో ఇరుక్కున్న సైనికులకు వాళ్ళ ప్రభుత్వం పంచిపెట్టినది. అరచేతిలో ఇమిడేంత బిళ్ళ. ముందువైపు గద్ద, దాని గోళ్ళ కింద చిన్న స్వస్తికం. వెనకవైపు తూర్పున జరిగిన చలికాలపు యుద్ధం అని జర్మన్ అక్షరాలు. ఎర్ర రిబ్బను మధ్యలో సన్నగా తెలుపు, నలుపు, తెలుపు చారలు. ఎరుపు రక్తానికి, తెలుపు మంచుకి, నలుపు చచ్చిపోయినవాళ్ళకి గుర్తు అని నేను కళ్ళు మూసుకుని అప్పగించేవాణ్ణి. దాన్ని అందుకున్న సైనికులే “గడ్డకట్టిన మాంసం పతకం” అని వెక్కిరించుకునేవాళ్ళట. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఛాతీ మీద తగిలించుకున్నవాళ్ళకే లేని భక్తి, ఎక్కడో పుట్టిన తెలుగు పిల్లవాణ్ణైన నాకుండేది.

అప్పుడు మేము న్యూజెర్సీలో, ఎడిసన్‌కి దగ్గర్లో ఉండేవాళ్ళం. డెబ్బయ్యో దశకం చివరి రోజులు. ఓక్ ట్రీ రోడ్డు మీద ఇప్పుడు కనిపించే మన షాపులేవీ అప్పుడు లేవు. కందిపప్పు కావాలంటే నాన్నగారు న్యూయార్క్ దాకా కారు వేసుకుని వెళ్ళేవారు. నేను ఎనిమిదేళ్ళ వయసులో అమెరికా వెళ్ళాను కాబట్టి నా తెలుగు చెడలేదు, ఇంగ్లీషు ఇంకా కుదరలేదు. స్కూల్లో నా పేరు పిలిస్తే నవ్వు, నేను అన్నం డబ్బా మూత తీస్తే నవ్వు. నవ్వని చోటు ఒక్కటే దొరికింది. అది హైవే పక్కన పాత మిలిటరీ సామాన్లు అమ్మే షాపు.

శనివారాలు అక్కడ కొందరు పెద్దవాళ్ళు గాజుబల్ల చుట్టూ చేరి పతకాలను భూతద్దంలో చూసుకుంటూ ఉండేవారు. రిబ్బను అసలుదేనా, రింగు మీద తయారుచేసినవాడి నంబరు ఉందా, అంచు మెరుపు పోయిందా, ఎప్పుడూ ఇవే కబుర్లు. ఆ బిళ్ళ ఎవడి ఛాతీ మీద వేలాడింది, వాడు ఏ ఊరి మీద పడ్డాడు, ఆ ఊళ్ళో చివరికి ఎవరు మిగిలారు అని ఒక్కరూ అడిగేవారు కాదు. “ఇది రాజకీయం కాదు బాబూ, చరిత్ర” అనేవాడు షాపాయన. చరిత్ర అన్న మాటను ఆయన మసిగుడ్డలా వాడేవాడు. ఏ మరక కనిపించినా దాంతో తుడిచేసేవాడు. నేను ఆ గుడ్డ పట్టుకోవడం తొందరగానే నేర్చుకున్నాను.

దానికి తోడు మనవాళ్ళు. నాన్నగారి స్నేహితుడు ఒక డాక్టరంకుల్ వీకెండ్ భోజనాలకి వస్తూ ఉండేవారు. ఒకసారి నా పతకం చేతిలోకి తీసుకుని, “వెరీ గుడ్ రా! డిసిప్లిన్ అంటే వీళ్ళది. అసలు ఆర్యన్స్ అంటే ఎవరనుకున్నావ్? మనమే! మన స్వస్తిక్‌నే కాపీ కొట్టారు” అని నా వీపు తట్టారు. నాన్నగారు నవ్వి ఊరుకున్నారు. ఆ గద్ద బిళ్ళ తగిలించుకున్నవాళ్ళ చేతికి చిక్కితే మనల్ని ఏ వరుసలో నిలబెట్టి ఉండేవాళ్ళో, అంత చదువుకున్న ఆ ఇద్దరికీ తట్టలేదు. నాకు ఎక్కడో తట్టింది గానీ వినబుద్ధి కాలేదు. అందరి కాళ్ళ కిందా నలుగుతున్న పిల్లవాడికి, నువ్వు కూడా ఒకరిని తొక్కే జాతివాడివే అని చెబితే, ఆ మాట ఎంత కుళ్ళినదైనా తియ్యగానే ఉంటుంది. దాన్ని చప్పరించినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా, వేసవిలో, మా నాయనమ్మ భీమవరం నుంచి వచ్చింది. తాతయ్యను బాబాయి దగ్గర వదిలి, ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చింది. అమ్మానాన్నలు ఉద్యోగాలకి, సెలవులయ్యాక నేను స్కూలుకి వెళితే పగలంతా ఇంట్లో ఆవిడొక్కతే. టీవీ అర్థం కాదు. ఫోన్ మోగితే భయం. గుమ్మంలో నిలబడితే మనిషి కనబడడు. “ఇదేం ఊర్రా, కాకులు కూడా కారెక్కి తిరుగుతున్నట్టున్నాయి” అనేది.

అలాంటి ఆవిణ్ణి నిలబెట్టింది పక్కింటి పెద్దావిడ. తూర్పు యూరప్‌లో ఏదో చిన్న ఊళ్ళో పుట్టి, యుద్ధం అయ్యాక అమెరికా వచ్చిన మనిషి. ఒక్కతే ఉండేది. పెరట్లో చిక్కుళ్ళు, టమాటాలు వేసేది. ఒకరోజు కంచె మీద నుంచి నాలుగు పచ్చి టమాటాలు ఇస్తే, నాయనమ్మ వాటిని పచ్చడి చేసి సీసాలో పెట్టి తిరిగి ఇచ్చింది. ఆవిడ కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, మర్నాడు ఖాళీ సీసా కడిగి తెచ్చి నిలబడింది, ఇంకొంచెం పెట్టమని. ఆనాటి నుంచి రోజూ మధ్యాహ్నం ఇద్దరూ మా వెనకగుమ్మం మెట్ల మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలిచేవారు. ఈవిడ తెలుగులో, ఆవిడ ఇంగ్లీషులోనూ తన భాషలోనూ మాట్లాడుకునేవారు. నాయనమ్మ ఆవిణ్ణి వదినగారూ అని పిలిచేది. “పాపం, వదినగారికి ఇద్దరు తమ్ముళ్ళుండేవాళ్ళురా. చిన్నప్పుడే పోయారట” అని ఒకనాడు నాతో అంది. ఒకరి భాష ఒకరికి రాకుండా అంత సంగతి ఎలా తెలిసిందో నాకిప్పటికీ తెలియదు. ఆ స్నేహమే లేకపోతే నాయనమ్మ నెల తిరక్కుండా టికెట్ కొనిపెట్టమనేది.

నాయనమ్మ రాకముందు నుంచీ పక్కింటావిడ పెరట్లో రాలిన ఆకులు నేనే ఊడ్చేవాణ్ణి. ఒకసారి నా చేతిలో ఆ షాపు సంచి చూసి, దాన్ని బయట పెట్టి లోపలికి రమ్మంది. ఎందుకని నేను అడగలేదు. తెలియక అడగకపోవడం కాదు. ఆవిడ యూదురాలని నాకు తెలుసు. యూదుల్ని ఏం చేశారో స్కూల్లో చెప్పారు, టీవీలోనూ చూశాను. ఇంకొక మాట కూడా దాచను. ఆ పతకం కొన్నది, ఆకులు ఊడ్చినందుకు ఆవిడ నా చేతిలో పెట్టిన డబ్బుతోనే.

దసరాకి నాయనమ్మ బొమ్మల కొలువు పెట్టింది. ట్రంకుపెట్టెలు, అట్టపెట్టెలు, నాన్నగారి ఇంజనీరింగ్ పుస్తకాలు మెట్లుగా పేర్చి, మీద తెల్ల దుప్పటి పరిచింది. చీరల మడతల్లో పెట్టి తెచ్చిన కొండపల్లి బొమ్మలు వరుసగా నిలబెట్టింది. దశావతారాలు, పల్లకీ, తాడిచెట్టు ఎక్కుతున్న మనిషి. అయినా మెట్లు నిండలేదు. మిగతావి నన్ను తెమ్మంది. కానీ ఆవిడకొక నియమం ఉండేది. కథ లేని బొమ్మ మెట్టు ఎక్కడానికి వీల్లేదు. ఆ కథ పేరంటాళ్ళకి ఇంట్లో పిల్లలే చెప్పాలి. అదీ నేల చూపులు చూస్తూ కాదు, వచ్చినవాళ్ళ ముఖంలోకి చూస్తూ చెప్పాలి.

నేను స్వేచ్ఛాదేవి బొమ్మ తెచ్చాను. “ఎవర్రా ఈ కాగడావిడ? ఏం చేసింది?” అని అడిగింది. సముద్రం దాటి వచ్చేవాళ్ళకి వెలుగు చూపిస్తుంది అన్నాను. “మంచిదే. ఎక్కించు.” ప్లాస్టిక్ డైనోసార్ తెచ్చాను. ఇదేం చేసింది అంటే, చచ్చిపోయింది అన్నాను. “అందరూ చేసేదేగా. సరే, మూల నిలబెట్టు” అంది.

అప్పుడు నా పతకం తెచ్చాను. చత్వారపు కళ్ళకి ఆ చిన్న స్వస్తికం కనబడగానే ఆవిడ ముఖం విప్పారింది. తాంబూలం పళ్ళెం మీద, కొత్త కారు మీద పసుపుతో తాను వేసే గుర్తు. ఈ పరాయి దేశపు బిళ్ళ మీద కూడా మన శుభమే ఉందే అని, మూడో మెట్టు మీద లక్ష్మీదేవి పక్కన దానికి చోటు చేసింది. కథ చెప్పమంది. మంచులో దేశం కోసం నిలబడ్డ సైనికుడికి ఇచ్చారు అని చెప్పాను. ఎవరి దేశం, ఎవరి మంచు, ఆ రెండూ మింగేశాను. అందులో అబద్ధమని పట్టుకోవడానికి ఒక్క మాట లేదు. నిజమని చెప్పుకోవడానికీ ఒక్క మాట లేదు. అమ్మానాన్నలు ఆ బిళ్ళను అప్పటికే చూసి చూసి ఉన్నారు, పట్టించుకోలేదు.

పేరంటం నాటి సాయంత్రం పక్కింటి పెద్దావిడ నీలం గౌను వేసుకుని, తాను కాల్చిన రొట్టె పట్టుకుని వచ్చింది. నాయనమ్మ ఎదురెళ్ళి బొట్టు పెట్టి, కొలువు ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టింది. నేను ఇంగ్లీషులో కథలు చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ వామనుడి కథకు నవ్వింది, తాడిచెట్టు మనిషికి చప్పట్లు కొట్టింది. మూడో మెట్టు దగ్గరికి వచ్చాక నేను ఆగి ఉండొచ్చు. మెట్టు దాటేసి ఉండొచ్చు. కానీ కథలు చెప్పే వేడి మీదున్నాను. అందరూ వింటున్నారు. ఎరుపు రక్తానికి, తెలుపు మంచుకి అని షాపులో అప్పగించినట్టే అప్పగించాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పతకాన్ని చేతిలోకి తీసుకుంది. వెనక్కి తిప్పి అక్షరాలు చదువుకుంది. జర్మన్ చదవడం వచ్చునని అప్పుడే తెలిసింది. తర్వాత వంగి దాన్ని నేల మీద పెట్టింది, మళ్ళీ మెట్టు మీద కాదు. అమ్మకి థాంక్యూ చెప్పి, కోటు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది. నాయనమ్మ తాంబూలం పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. పేరంటానికి వచ్చినావిడ తాంబూలం తీసుకోకుండా తన గడప దాటడం ఆవిడ జన్మలో అదే మొదటిసారి.

“ఏం చెప్పావురా?” అంది. ఆవిడకి తలనొప్పిట అన్నాను. నాయనమ్మ నా వంక చూసింది. ఆ చూపు ముందు తలనొప్పి నిలవలేదు. అడిగినకొద్దీ తునకలు తునకలుగా బయట పెట్టాను. ఆ సైనికుడు ఎవరు, ఆ మంచు ఎవరిది, వాళ్ళు అక్కడ ఎవరిని ఏం చేశారు. అంతా విని ఆవిడ నన్ను కొట్టలేదు, అరవలేదు. నవ్వింది. అంత చులకనైన నవ్వు నేను ఆ స్కూల్లో కూడా వినలేదు.

“పరాయివాళ్ళ ఊళ్ళ మీద పడి, అక్కడ చలేసిందని పతకమా? కన్నం వేస్తుంటే గోడ కూలి దొంగ కాలు విరిగిందని ఊరంతా కలిసి శాలువా కప్పినట్టుంది. కప్పినవాళ్ళకి బుద్ధి లేదు, కప్పించుకున్నవాడికి సిగ్గు లేదు. అది తెచ్చి నా లక్ష్మి పక్కన పెట్టిన నువ్వెవడివిరా మరి?”

మన గుర్తే కదా నాయనమ్మా, స్వస్తికం అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే డాక్టరంకుల్ గొంతు నా నోట్లోంచి వస్తున్నట్టు అనిపించింది. “పెళ్ళిలో కట్టే తాడే ఉరికీ కడతారు. తాడు మనదని మురుస్తామా?” అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే నన్ను పక్కింటికి లాక్కెళ్ళింది. ఆవిడ తలుపు తీసింది గానీ దాని ముందున్న దోమల జాలీ తలుపు తీయలేదు. నాయనమ్మ చేతులు జోడించి, తెలిసి పెట్టలేదు వదినగారూ అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ జాలీ వెనక నుంచే నిదానంగా మాట్లాడింది. ఆ మంచు తనకూ తెలుసంది. ఆ చలికాలమే వాళ్ళ ఊరివాళ్ళను బూట్లు విప్పించి అడివి దాకా నడిపించారట. వాళ్ళమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు ఆ వరుసలో ఉన్నారట. “చలి అందరికీ ఒక్కటే వేసింది. పతకం మాత్రం వాళ్ళకే ఇచ్చారు” అంది.

నేను నాయనమ్మ వైపు తిరిగి, ఆవిడ వాళ్ళవాళ్ళు యుద్ధంలో పోయారట అన్నాను. అంత పొట్టిగా, అంత నున్నగా చెప్పాను. నాయనమ్మ ఆవిడ ముఖంలోకి చూసి, మళ్ళీ నా ముఖంలోకి చూసింది. “నీ మాటకీ ఆవిడ ముఖానికీ పొత్తు కుదరడం లేదు. ఉన్నదున్నట్టు చెప్పు.”

చెప్పాను. బూట్లు, అడివి, తమ్ముళ్ళు, పతకం. నా సొంత నోటితో, మా సొంత భాషలో. నాకు తెలిసిన చరిత్రంతా రిబ్బను రంగుల్లో ఉండేది. అది మొదటిసారి మనిషి ముఖం ఎదుట నోట్లోంచి రావాల్సి వచ్చింది. నాయనమ్మ జాలీ మీద అరచెయ్యి ఆనించింది. ఆవిడ తలుపు మెల్లగా వేసుకుంది.

ఇంటికి వచ్చాక నాయనమ్మ పతకం నా చేతికిచ్చి, నీ చెత్త నువ్వే చూసుకో అంది. లక్ష్మి పక్కన ఖాళీ పడింది. అమ్మ అక్కడ ఒక చిలకను పెట్టబోతే నాయనమ్మ పెట్టనివ్వలేదు. “అది ఖాళీగానే ఉండాలి. కొలువులో ఉన్నదానికి కథ చెప్పాలిగా. లేనిదాని కథ కూడా వీడే చెబుతాడు. అడిగినవాళ్ళందరికీ, ముఖం చూస్తూ.”

మన పేరంటాళ్ళు ఖాళీని చూసి అడగకుండా ఉంటారా? వచ్చిన ప్రతి ఆంటీ అడిగింది. ప్రతిసారీ నేను మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. ఎక్కడైనా నున్నగా చేయబోతే వెనక నుంచి నాయనమ్మ దగ్గు వినిపించేది. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకావిడ తన పిల్లల్ని నా పక్క నుంచి జరిపింది. డాక్టరంకుల్ మాత్రం పకపకా నవ్వి, “దీనికింత సీనెందుకండీ పిన్నిగారూ? కుర్రాడి హాబీ! జస్ట్ హిస్టరీ!” అన్నారు. నాయనమ్మ ఆయన చేతిలో శనగల గిన్నె పెట్టి, “నాయనా, ఆ వరుసలో మీ అమ్మ ఉంటే కూడా హాబీయేనా?” అంది. ఆయన శనగలు తినడం మొదలుపెట్టారు. నాన్నగారు నేల చూశారు. అంత పెద్ద డాక్టరు, అంత పెద్ద ఇంజనీరు ఆ ఒక్క ప్రశ్న నుంచి అలా తప్పుకోవడం చూసి, నేను ఇన్నాళ్ళూ ఎవరి మెప్పు కోసం గుటకలు వేశానో అర్థమైంది. వాళ్ళ మీద అసహ్యం వేసింది. దాని వెనకే, ఇంకా ఘాటుగా, నా మీద.

ఆ రోజుల్లో వెనకగుమ్మం మెట్ల మీద నాయనమ్మ ఒక్కతే కూర్చుని చిక్కుళ్ళు ఒలిచేది. పక్కన చోటు వదిలి కూర్చునేది.

కొలువు ఎత్తేసే నాటి సాయంత్రం పక్కింటి పెద్దావిడ వచ్చింది. పిలవకుండానే వచ్చింది. నీలం గౌను కాదు, ఇంట్లో తిరిగే స్వెటరు. తిన్నగా కొలువు ముందుకొచ్చి, మూడో మెట్టు మీద ఖాళీ చూపించి, “ఇక్కడేం ఉండేది?” అని నన్నడిగింది. ఆవిడకు తెలుసు. తెలిసే అడిగింది. నాయనమ్మ దగ్గలేదు.

నేను ఆవిడ ముఖంలోకి చూస్తూ చెప్పాను. ఇక్కడ నేను ఒక పతకం పెట్టాను. దాన్ని మీ ఊరి మీద పడ్డవాళ్ళకి ఇచ్చారు. మీరు ఇచ్చిన డబ్బుతోనే కొన్నాను. మీరు చూస్తే ఎలా ఉంటుందో నాకు కొంత తెలుసు, తెలిసే పెట్టాను. మీ అమ్మగారి సంగతి, తమ్ముళ్ళ సంగతి మా నాయనమ్మకి మొదట సరిగ్గా చెప్పలేదు. తర్వాత చెప్పాను.

ఆవిడ చాలాసేపు ఆ ఖాళీని చూసింది. నా తల నిమరలేదు. క్షమించానని అనలేదు. “ఖాళీగానే బాగుంది” అంది. తర్వాత నాయనమ్మ వైపు తిరిగి రెండు చేతులూ చాపింది. నాయనమ్మ తాంబూలం పెట్టింది. అరటిపళ్ళు, తమలపాకులు, శనగలు. ఆవిడ అక్కడే నిలబడి నాలుగు శనగలు నోట్లో వేసుకుని, కారం తగ్గిందే అన్నట్టు చెయ్యి తిప్పింది. నాయనమ్మ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. చలి ముదిరి నాయనమ్మ తిరుగు ప్రయాణం కట్టేదాకా ఆ ఇద్దరూ మళ్ళీ మా వెనకగుమ్మం మెట్ల మీదే కూర్చున్నారు. ఒక్కటి మాత్రం మారింది. ఆకులు ఊడ్చడానికి ఆవిడ నన్ను మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు.

పతకాన్ని కాలవలో విసిరేశానని రాస్తే ఈ కథ అందంగా ముగుస్తుంది. విసిరేయలేదు. స్కూల్లో ఒక కుర్రాడికి ఇచ్చి, బదులుగా బేస్‌బాల్ గ్లవ్ తీసుకున్నాను. నా చేతి మురికిని ఇంకొకడి చేతికి పూశాను. అది ఇప్పుడు ఏ గాజుపెట్టెలో ముఖమల్ గుడ్డ మీద పడుకుని ఉందో, ఎవడు దాని అంచు మెరుపు చూసి మురిసిపోతున్నాడో. ఇలాంటివి చరిత్ర తెలుసుకోవడానికి దగ్గర పెట్టుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళు ముందు చచ్చిపోయినవాళ్ళ పేర్లు చెబుతారు. రిబ్బను రంగులతో మొదలుపెట్టేవాళ్ళను చూస్తే మాత్రం నాకు నా పదకొండో ఏటి ముఖమే కనబడుతుంది.

ఇప్పుడు మేము టెక్సస్‌లో, కాపెల్‌లో ఉంటున్నాం. దసరాకి మా ఆవిడ కొలువు పెడుతుంది. నాయనమ్మ ఇచ్చిన లక్ష్మీదేవి ఇప్పటికీ మూడో మెట్టు మీదే. లక్ష్మి పక్కన ఒక బొమ్మ పట్టేంత చోటు మేము నింపం. ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. కిందటేడు మా మనవరాలు తన చిన్న ప్లాస్టిక్ గుర్రాన్ని తెచ్చి, “తాతా, ఇక్కడ ప్లేస్ ఉంది కదా, ఇది పెట్టనా?” అంది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. చిన్నపిల్ల, కొంచెం నున్నగా చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. అప్పుడు వెనక నుంచి ఎవరో దగ్గినట్టయింది. దాని ముఖంలోకి చూస్తూ, ఉన్నదున్నట్టు మొదలుపెట్టాను.